వెల్డింగ్ చేసిన ఉక్కు ఫ్రేమును మిల్లింగ్ యంత్రం మీదికి ఎక్కించే ముందు జాగ్రత్తలు

ముందుగా ఆ ఫ్రేములో అవశేష ప్రతిబలాలు (బయటి బలమేదీ లేకపోయినా లోహం లోపల మిగిలిపోయే ఒత్తిడులు) ఉన్నాయనే అనుకుని పని మొదలుపెట్టాలి, ఎందుకంటే లోహాన్ని కోసినప్పుడు వాటి సమతుల్యత చెడి ఫ్రేము వంగవచ్చు. వెల్డింగ్‌లో కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తే, చుట్టూ ఉన్న చల్లని ఉక్కు దానిని అడ్డుకుంటుంది కాబట్టి అతుకు వెంబడి తన్యత (లాగే) ప్రతిబలం, దానికి దూరంగా సంపీడన (నొక్కే) ప్రతిబలం నిలిచిపోతాయి. మైల్డ్ స్టీలు 100 డిగ్రీల సెల్సియస్ తేడాకు మీటరుకు సుమారు 1.2 మిల్లీమీటర్లు మారుతుంది. ఆ మార్పును పూర్తిగా అడ్డుకుంటే పుట్టే ప్రతిబలం సుమారు 240 మెగాపాస్కల్, అంటే ఆ ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థాయికి దాదాపు సమానం. అతుకు దగ్గర తేడా వందల డిగ్రీలు ఉంటుంది.

కొలతల్లో ఖచ్చితత్వం ముఖ్యమైతే, మెషినింగ్‌కు ముందే కొలిమిలో ప్రతిబల నివారణ (వేడి చేసి ఈ ఒత్తిడులను తగ్గించే ప్రక్రియ) జరిగిందో లేదో రికార్డు అడిగి చూడాలి. సాధారణ కార్బన్ ఉక్కును 600 డిగ్రీల ప్రాంతంలో, 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు ఒక గంట చొప్పున ఉంచి, కొలిమిలోనే నెమ్మదిగా చల్లార్చాలి. త్వరగా బయటికి తీస్తే కొత్త ప్రతిబలాలు పుడతాయి. నా దృష్టిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ చివరి దశే.

వంకరగా ఉన్న ఫ్రేమును క్లాంపులతో బలవంతంగా చదును చేసి బిగించకూడదు, ఎందుకంటే విప్పగానే అది మళ్లీ వంగుతుంది.

ఒకే వైపు నుంచి లోహమంతా తీయకుండా, రెండు వైపులా కొద్దికొద్దిగా తీసి, రఫ్ కోత తర్వాత క్లాంపులు వదులు చేసి, డయల్ గేజితో వంపు కొలిచాకే ఫినిషింగ్ కోతకు వెళ్లాలి. అందుకు తగినంత అదనపు మందం మిగిలి ఉందో లేదో ముందే చూసుకోవాలి.