పరుగు నేర్చుకుందాం – 5వ పాఠం: వెంట ఏం ఉండాలి?

గత పాఠం చివరికి వారానికి మూడు పరుగులు, అందులో ఆదివారం ఒక లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు) అనే పద్ధతికి వచ్చాం. ఈ వారం ఆదివారం పరుగు 8 కిలోమీటర్లు. అంటే మొదటిసారి కాలనీ దాటి వెళ్తున్నాం. ఇంతవరకూ మనం తిరిగింది ఇంటి చుట్టుపక్కలే. ఏం జరిగినా పది నిమిషాల్లో నడిచి వచ్చేసే దూరం. 4 కిలోమీటర్లు వెళ్లి 4 కిలోమీటర్లు వెనక్కి వచ్చే దారిలో మలుపు దగ్గర చీలమండ బెణికితే మాత్రం కుంటుకుంటూ ఇల్లు చేరడానికి గంటకు పైనే పడుతుంది. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద మనుషులు కూడా పెద్దగా ఉండరు.

అందుకే ఈ పాఠం వస్తువుల గురించి. దుకాణంలో అమ్మే సరంజామా జాబితా మాత్రం ఇవ్వను. ఒక ప్రశ్న ఇస్తాను. ప్రతి లాంగ్ రన్‌కీ ముందు రోజు రాత్రి దారిని మనసులో ఒకసారి తిప్పుకుని, అన్నిటికంటే దూరంగా ఉన్న చోట ఆగి అడగండి: “ఇక్కడే ఆగిపోతే ఇంటికి ఎలా చేరతాను?” వెంట తీసుకెళ్లాల్సినవన్నీ ఆ జవాబులోంచే వస్తాయి. పరుగు బాగా సాగినప్పుడు ఏమీ అక్కర్లేదు, అది ఆగినప్పుడే అవసరం. జవాబులో చోటు లేని వస్తువును ఇంట్లో వదిలేయండి. చేతిలో, జేబులో ఊగే ప్రతి బరువూ భుజాన్ని బిగదీస్తుంది, అడుగు తీరును మారుస్తుంది.

మొదట మీరెవరో తెలియాలి

ఒక చిన్న కాగితం తీసుకోండి. మీ పేరు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు, మీరు రోజూ వాడే మందులు, పడని మందులు రాయండి. రక్త వర్గం కూడా రాయొచ్చు. కానీ రక్తం ఎక్కించాల్సి వస్తే ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేసే ఎక్కిస్తారు. ముందుగా తెలియాల్సింది మందుల సంగతి. ఇన్సులిన్ తీసుకుంటున్నారా, రక్తం పల్చబరిచే మాత్రలు వేసుకుంటున్నారా అన్నది డాక్టర్ చేసే పనినే మార్చేస్తుంది. ఈ కాగితాన్ని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. ఉదయం అయిదింటికి రోడ్డు మీద మిమ్మల్ని మొదట చూసేది పాలు వేసే అబ్బాయో, రోడ్డు ఊడ్చే అమ్మో కావచ్చు. లామినేషన్ చేయిస్తే చెమటకు తడవదు.

ఫోన్‌లో కూడా ఈ వివరాలు పెట్టుకోవచ్చు. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లు చాలావాటిలో లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ వివరాలు కనిపించే ఏర్పాటు ఉంది. అయినా కాగితం మానొద్దు. కిందపడి అద్దం పగిలిన ఫోన్ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఫోన్, డబ్బు, తాళం

ఫోన్ చేతిలో పట్టుకుని పరుగెత్తొద్దు. ఒక చెయ్యి బిగుసుకుపోతుంది, రెండో చెయ్యి ఒక్కటే ఊగుతుంది, కాసేపటికి నడుము ఒక పక్కకు తిరుగుతుంది. నడుముకు బిగుతుగా పట్టే రన్నింగ్ బెల్ట్ ఒకటి కొనుక్కోండి. ఈ పాఠంలో డబ్బు పెట్టి కొనమని నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఫోన్‌ను ముందు జిప్ కవర్‌లో వేసి ఆ తర్వాత బెల్ట్‌లో పెట్టండి. మన చెమట సంగతి తెలిసిందే కదా.

బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపండి. 15 నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అనే మూడు ఎంపికల్లో గంట కూడా చాలదు, ఎనిమిదే పెట్టి, ఇంటికొచ్చాక ఆపేయండి. ఒంటరిగా పరుగెత్తే ఆడవాళ్లకు ఇది తప్పనిసరి అంటాను. మగవాళ్లకూ మంచిదే, గుండెపోటు ఎవరినీ అడిగి రాదు.

అత్యవసరానికి 112. ఫోన్ లాక్‌లో ఉన్నా ఈ కాల్ వెళ్తుంది. అంబులెన్స్‌కు 108. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలై తర్వాత చాలా రాష్ట్రాలకు వెళ్లిన సేవ ఇది. ఫోన్ ఎత్తినవాళ్లు మొదట అడిగేది “ఎక్కడున్నారు?” అని. అందుకే పరుగెత్తుతూ గుర్తులు చూసుకోవడం అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లో మెట్రో స్తంభాల మీదా, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల మీదా నంబర్లు ఉంటాయి. పిల్లర్ నంబర్ చెబితే ఆటో అయినా అంబులెన్స్ అయినా వెతుక్కోకుండా వస్తుంది. ఊరి బయట రోడ్ల మీదైతే కిలోమీటరు రాయి చూడండి.

యూపీఐ ఉంది కదా అని నోటు మానొద్దు. చార్జింగ్ అయిపోవచ్చు, తడి వేళ్లకు స్క్రీన్ పలకకపోవచ్చు. ఆటోకు సరిపడా రెండు వందల రూపాయల నోట్లు మడిచి కాగితంతో పాటు ఉంచండి. తాళాల గుత్తి మొత్తం వద్దు. ఇంటి తాళం చెవి ఒక్కటే తీసి షూ లేస్‌లోకి ఎక్కించి దాని మీద ముడి వేయండి.

నీళ్లు ఎన్ని? లెక్క మీరే కట్టాలి

కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. ఎవరు ఎన్ని నీళ్లు తాగాలో ఇంకొకరు చెప్పలేరు. ఒకే దారిలో, ఒకే వేగంతో పక్కపక్కనే పరుగెత్తే ఇద్దరిలో ఒకరికి రెండోవారి కంటే రెట్టింపు చెమట పట్టొచ్చు. కనుక కొలుద్దాం. కావాల్సింది బరువు తూచే మిషన్ ఒక్కటే.

పరుగుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. సరిగ్గా గంట మామూలు వేగంతో పరుగెత్తండి. మధ్యలో తాగిన నీళ్లు ఎన్నో గుర్తుంచుకోండి. ఇంటికి రాగానే ఒళ్లు తుడుచుకుని, తడిసిన బట్టలు విప్పి, మళ్లీ బరువు చూడండి. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు చెమట పోయినట్టు.

ఉదాహరణకు, ముందు 68 కిలోలు, తర్వాత 67.1 కిలోలు. మధ్యలో తాగింది 250 మి.లీ. తగ్గిన 900 మి.లీ.కి తాగిన 250 కలిపితే గంటకు 1,150 మి.లీ. చెమట. పోయినదంతా పరుగులోనే తిరిగి తాగాలని కాదు. బరువులో సుమారు రెండు శాతం దాకా తగ్గినా ఎక్కువమంది తట్టుకోగలరు. 68 కిలోల మనిషికి అది 1.36 కిలోలు. గంట పరుగైతే ఈ మనిషి నీళ్లు మోయకుండా వెళ్లినా నష్టం లేదు, ముందూ తర్వాతా తాగితే చాలు. రెండు గంటలైతే పోయేది 2.3 లీటర్లు. అందులోంచి 1.36 తీసేస్తే మిగిలిన లీటరుకు దగ్గరగా దారిలో తాగాలి.

లీటరు నీళ్లంటే కిలో బరువు. అంతా ఒకేసారి మోయక్కర్లేదు. ఇంటి ముందు నుంచే మళ్లీ మళ్లీ వెళ్లేలా దారిని చుట్లుగా మార్చుకుని, గేటు దగ్గర సీసా పెట్టుకోవచ్చు. వెళ్లి వచ్చే దారైతే అర లీటరు సీసా బెల్ట్‌కు పెట్టుకుని, మధ్యలో నింపుకునే చోటు ముందే చూసుకోండి. పెట్రోలు బంకో, తెల్లవారే తెరిచే టీ కొట్టో ఏదైనా సరే.

ఈ కొలత డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చేయాలి. ఊరు మారినా మళ్లీ చేయాలి. విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం వాహనాలు ఆపేసే సమయంలో హాయిగా పరుగెత్తొచ్చు గానీ, సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఊరికే కారిపోతుంది. హైదరాబాద్‌లో అలవాటైన వేగం అక్కడ పనికిరాదు.

భయంతో ఎక్కువ తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం (రక్తంలోని ఉప్పు) ఉండాల్సినదానికంటే తక్కువగా కనిపించింది. పరుగు పొడవునా నీళ్లు ఎక్కువగా తాగి, బరువు పెరిగినవాళ్లలో ఆ సమస్య ఎక్కువ. పరుగు తర్వాత మీ బరువు ముందుకంటే పెరిగిందంటే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. దాహమైతే తాగండి, గుక్కలుగా తాగండి.

గంట దాటిన పరుగుకు, ఎండాకాలంలో, ఓఆర్‌ఎస్ వాడొచ్చు. ప్యాకెట్ మీద లీటరుకు అని ఉంటే పూర్తి ప్యాకెట్‌ను ఇంట్లోనే లీటరు నీళ్లలో కలిపి, అందులోంచి సీసాలోకి పోసుకోండి. చిటికెడు చిటికెడు వేసుకుంటే లెక్క తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వాడండి. డబ్బాల్లో అదే పేరుతో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాలకు ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కొనే ముందు వెనక రాసింది చదవండి.

తిండి, మందులు

8 కిలోమీటర్లకు తిండి మోయక్కర్లేదు. గంటన్నర దాటే పరుగులకు రెండు ఖర్జూరాలో, బెల్లం ముక్కో చాలు. ఆ వివరాలు 12 కిలోమీటర్ల పాఠంలో చూద్దాం. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఎంత చిన్న పరుగుకైనా 15 గ్రాముల గ్లూకోజ్ దగ్గర పెట్టుకోవాలి. కళ్లు తిరిగినా, చేతులు వణికినా, ఆగి వెంటనే నోట్లో వేసుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్. ఈ రెండింటి విషయంలో “ఇవాళ ఒక్కరోజుకు” అనే మాట వద్దు.

చీకటి, కుక్కలు

మే నెలాఖరులో హైదరాబాద్‌లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో, జనవరిలో 6:45 దాటాక. విశాఖలో సుమారు ఇరవై నిమిషాలు ముందే. వేసవిలో ఎండ తప్పించుకోవాలని నాలుగున్నరకే బయల్దేరతాం. కనుక లైటు కింద మెరిసే పట్టీ ఉన్న జాకెట్, తలకో ఛాతీకో చిన్న లైటు కావాలి. రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా పరుగెత్తండి. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్ వద్దు.

కుక్క వెంటపడితే పరుగు ఆపండి. పరుగు చూసే అది ఇంకా తరుముతుంది. దాని కళ్లలోకి గుచ్చి చూడకుండా, దాని వైపే ఉండి, మెల్లగా వెనక్కి నడవండి. నీళ్ల సీసా మీకూ దానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. కరిస్తే, చిన్న గీత పడినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు బతికే అవకాశం లేదు, టీకా సకాలంలో పడితే రాదు. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు.

ఈ వారం అభ్యాసం

మంగళవారం 4 కిలోమీటర్లు, వట్టి చేతులతో. గురువారం 5 కిలోమీటర్లు, బెల్ట్, ఫోన్, కాగితం, నోట్లతో. ఏది ఊగుతోందో, ఏది ఒరుసుకుంటోందో చూసి సరిచేయండి. ఒరుసుకునే చోట, ముఖ్యంగా తొడల మధ్య, చంకల్లో, ముందే వాజలిన్ రాయండి. మగవాళ్లు చనుమొనల మీదా రాయాలి, తడిసిన కాటన్ బనియన్ అక్కడ రక్తం వచ్చేలా గీస్తుంది. ఆదివారం మొదటి గంట చెమట కొలతకు. గంట పూర్తయ్యేసరికి ఇంటి దగ్గర ఉండేలా దారి చూసుకుని, బరువు చూశాక మిగిలిన దూరం పూర్తి చేయండి. ముందు బరువు, తర్వాత బరువు, తాగిన నీళ్లు, ఆ రోజు ఎండ ఎలా ఉందో నోటుబుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో వేగం గురించి మాట్లాడేటప్పుడు ఆ అంకెలే మళ్లీ తీస్తాం.