కథ రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: వాడా, అతనా, ఆయనా?

కిందటి పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? ఒక మనిషి తాళంచెవి కోసం వెతుక్కుంటున్నాడు. కోపం, కంగారు, భయం అనే మాటలు వాడకుండా ఆ సంగతి పది వాక్యాల్లో రాయమన్నాను. రాసి ఉంటే ఆ కాగితం పక్కన పెట్టుకోండి. లేకపోతే ఇక్కడే ఆగి, పది నిమిషాలు కూర్చుని, ఎలా వస్తే అలా రాసెయ్యండి. బాగుండాలని టెన్షన్ పడొద్దు. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది, అది లేకుండా చదివితే పెద్దగా ఉపయోగం లేదు.

ఇప్పుడు మీ పది వాక్యాల్లో ఆ మనిషిని ఏమని పిలిచారో చూసి, ఆ మాట కింద గీత గీయండి. చాలామంది "అతను" అని రాసి ఉంటారు. ఎందుకలా రాశారని అడిగితే చెప్పలేరు, చెయ్యి దానంతటదే రాసేసింది అంటారు. ఈ పాఠం ఆ చేతిని కాస్త ఆపడానికే.

ఇంగ్లీషులో కథ రాసేవాడికి మగవాళ్ళందరికీ ఒకటే సర్వనామం సరిపోతుంది. దొంగైనా దొరైనా ఐదేళ్ళ పిల్లాడైనా తేడా లేదు. మనకు ఆ వెసులుబాటు లేదు. మొదటి వాక్యంలోనే, చెప్పేవాడికీ ఆ మనిషికీ మధ్య ఎంత దూరముందో బయటపెట్టేస్తాం.

వాడు తలుపు దగ్గర నిలబడ్డాడు.
అతను తలుపు దగ్గర నిలబడ్డాడు.
ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు.

తలుపు అదే, నిలబడటం అదే. చూస్తున్న కళ్ళు మాత్రం వేరు. మొదటి దాంట్లో చెప్పేవాళ్ళు వయసులో పెద్దయినా అయ్యుండాలి, చిన్నప్పటి నేస్తమైనా అయ్యుండాలి, లేదా వాడంటే అసహ్యమైనా ఉండాలి. "వాడు"లో చనువూ ఉంది, ఛీత్కారమూ ఉంది. ఏది ఎక్కడ పలుకుతుందో చుట్టూ ఉన్న వాక్యాలు తేలుస్తాయి. మూడో దాంట్లో కళ్ళు కాస్త కిందికి దించుకుని ఉన్నాయి. ఈ రెండో మూడో వాక్యాల మధ్య "ఆయన నిలబడ్డాడు" అని ఇంకో మెట్టు కూడా ఉంది. గౌరవం ఉంది గానీ లేచి నిలబడేంత లేదన్నమాట. నాకు ఆ మెట్టంటే ఇష్టం, చాలామంది తండ్రులు కథల్లో అక్కడే ఇమిడిపోతారు.

ఆడవాళ్ళ విషయం ఇంకొంచెం చిక్కు. "ఆమె" కొన్నిచోట్ల రోజూ నోట్లో నలిగే మాట, కొన్నిచోట్ల పుస్తకాల్లో మాత్రమే కనిపించే మాట. మీ నోటికి "ఆవిడ" వస్తే కథలోనూ అదే రానివ్వండి.

నేను రాసిన మొదటి కథ ఒక తండ్రి గురించి. మొదటి పేజీలో "ఆయన", మూడో పేజీలో "అతను", చివర్లో "వాడు" అయిపోయాడు. నేను గమనించనేలేదు. పత్రికవాళ్ళు తిప్పి పంపిన కాగితం అంచున పెన్సిల్‌తో ఒకటే ప్రశ్న ఉంది: "ఇందులో మనుషులు ముగ్గురా?" రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత్తర్వాత తెలిసిందేమిటంటే, పొరపాటున చేస్తే తప్పయ్యేది కావాలని చేస్తే పనికొస్తుంది. ఇది చూడండి:

"ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పారు. కింద నాన్న సంతకం. నాన్న సంతకం చివర ఎప్పుడూ ఒక చుక్క పెట్టేవాడు. ఇందులో చుక్క లేదు. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు."

మోసం అన్న మాట లేదు, కోపం అన్న మాటా లేదు. "ఆయన" కాస్తా "వాడు" అయ్యాడు, "విప్పారు" పోయి "ఉన్నాడు" వచ్చింది. ఆ రెండు వాక్యాల మధ్య చుక్క లేని సంతకం ఉంది కాబట్టే అది అతికింది. కారణం కనబడకుండా మారిస్తే పాఠకుడు అచ్చుతప్పనుకుంటాడు. ఒక కథలో ఒక్కసారికి మించి వాడకండి. రెండోసారికి కిటుకు బయటపడిపోతుంది.

ఇక "తను". నా లెక్కలో మన భాషలో కథకుడికి దీన్ని మించిన పనిముట్టు లేదు. కొత్తగా రాసేవాళ్ళ కాగితాల్లో ఇలాంటివి తరచూ కనబడతాయి:

"రాజేశ్వరి గడియారం వైపు చూసింది. ఆమెకు ఆలస్యమైందని, అందరూ ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటారని ఆమె అనుకుంది."

చదువుతుంటే రాజేశ్వరి ఎక్కడో దూరంగా, అద్దం అవతల ఉన్నట్టుంటుంది. పైగా ఆ రెండో "ఆమె" రాజేశ్వరేనా, ఇంకెవరైనానా అని అనుమానం. ఇలా మార్చి చూద్దాం:

"రాజేశ్వరి గడియారం వైపు చూసింది. ఆలస్యమైపోయింది. అందరూ తన కోసమే చూస్తూ ఉంటారు."

"అనుకుంది" పోయింది. దాని అవసరం లేదు, "తన" ఆ పని చేసేసింది. ఆ మాట ఎవరి మనసులో ఉంటే వాళ్ళ వైపే తిరుగుతుంది.

ఒకసారి ఆమె తలలోకి వెళ్ళాక మాత్రం అక్కడే ఉండాలి. తర్వాతి వాక్యంలో "రాజేశ్వరి ముఖం ఎర్రబడింది" అని రాశారనుకోండి. తన ముఖం తనకెలా కనబడింది? చెవులు వేడెక్కడం తెలుస్తుంది, అది రాయండి. గురజాడ అప్పారావు 1910లో అచ్చయిన "దిద్దుబాటు"లో ఈ కట్టుబాటు ఎంత బాగా పాటించారో చూడండి. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన భర్తకు భార్య కనబడదు. ఆమె మంచం కింద దాక్కుందని అతనికి తెలియదు కాబట్టి మనకూ తెలియదు. కథకుడు ముందే ఒక్కసారి మంచం కిందికి తొంగిచూస్తే కథ అక్కడికే సరి.

"నేను" అని చెప్పే కథల గురించి ఒక్క ముక్క. "వచ్చాను" అన్నప్పుడే వచ్చింది ఎవరో తెలిసిపోయింది. మళ్ళీ "నేను వచ్చాను" ఎందుకు? ఉన్నవన్నీ కొట్టేసి, ఎక్కడ లోటనిపిస్తే అక్కడ మాత్రం తిరిగి పెట్టండి. "అందరూ లేచారు. నేను లేవలేదు." ఇక్కడ అది ఉండాల్సిందే.

ఇప్పుడు తాళంచెవి కాగితం తీయండి. దాన్ని మూడుసార్లు తిరగరాయాలి. మొదటిసారి చెప్పేది అతని అక్క: "వాడు". రెండోసారి అతని కింద పనిచేసే ఉద్యోగి: "ఆయన". మూడోసారి చెప్పేవాళ్ళెవరూ లేరు, మొదట ఒక్కసారి పేరు, తర్వాతంతా "తను". సర్వనామం మార్చి ఊరుకుంటే పని తప్పించుకున్నట్టే. అక్కకు వాడు చిన్నప్పట్నుంచీ వస్తువులు ఎక్కడ పారేస్తాడో తెలుసు, వెతకడం చూస్తూ నవ్వుకుంటూ ఉండొచ్చు. ఉద్యోగికి ఆ సంగతులేవీ తెలియవు. సొరుగులు లాగుతున్న చప్పుడు వింటూ, సాయం చేయనా అని అడగాలా వద్దా అని గుమ్మం దగ్గరే తచ్చాడతాడు. ఒకళ్ళకు కనబడింది రెండోవాళ్ళకు కనబడకూడదు. ఒక్కోటి పది వాక్యాలు దాటనివ్వకండి.

మూడూ అయ్యాక పైకి చదవండి, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ టిక్కు పెట్టండి. ఆ టిక్కులతో వచ్చే పాఠంలో పనుంది. అందులో సంభాషణ మొదలుపెడదాం: ఇన్నాళ్ళూ "మన ఇల్లు" అన్న మనిషి ఒకరోజు ఎదుటివాళ్ళతో "మా ఇల్లు" అంటే ఏమవుతుంది?