కుండ నీళ్లు చల్లబడట్లేదా? చోటు మార్చి చూడండి

మా శ్రీకాకుళంలో చాలామంది కొత్త కుండ కొని, వంటింటి మూలన పెట్టేసి, నీళ్లు చల్లబడట్లేదని అంటుంటారు. తప్పు కుండది కాదు. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యే 1 గ్రాము నీరు దాదాపు 580 కేలరీల వేడిని లాక్కుపోతుంది. అంటే 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లార్చేంత! కానీ మన సముద్రపు గాలిలో ముందే తేమ ఎక్కువ. గాలి ఆడని మూలైతే ఆ ఆవిరి కుండ చుట్టూనే నిలిచిపోతుంది. కిటికీ పక్కన, నీడలో, గాలి తగిలేలా పెట్టండి. పెయింట్ వేసిన కుండ మాత్రం కొనకండి, రంధ్రాలు మూసుకుపోతాయి. బయట చెయ్యి వేస్తే చెమర్చినట్టు తడి తగలాలి. జిడ్డుగా, నున్నగా ఉంటే సబ్బు లేకుండా కొబ్బరి పీచుతో గట్టిగా తోమండి.