హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మొరాయిస్తే లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

కుదించి ఉన్న వీడియోను విప్పి చూపడం, వెబ్ పేజీలోని పొరలను కలిపి తెరకు పంపడం, త్రీడీ బొమ్మలు గీయడం వంటి పనులను ప్రాసెసర్ ఒక్కటే చేయగలిగినా, అవే పనులను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తే వేగంగానూ తక్కువ విద్యుత్తుతోనూ జరుగుతాయి. ఈ అప్పగింతే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. దీనిలో తలెత్తే ఇబ్బందులు ప్రధానంగా రెండు రకాలు. కార్డుకు చేరవలసిన పని చేరక ప్రాసెసర్ మీదే పడడం మొదటిది; అప్పుడు వీడియో ఆగి ఆగి నడుస్తుంది, ఫ్యాను మోత పెరుగుతుంది. చేరిన పనిని కార్డు గానీ, దానిని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ గానీ తప్పుగా చేయడం రెండవది. అప్పుడు బ్రౌజర్ కిటికీ నల్లబడుతుంది, అక్షరాలు చెదురుతాయి, వీడియో స్థానంలో పచ్చటి తెర కనిపిస్తుంది. ‘యాక్సిలరేషన్ ఆపేయండి’ అని అందరూ ఇచ్చే సలహా రెండవ రకానికి మాత్రమే పనికివస్తుంది; మొదటి రకంలో దానిని పాటిస్తే ఉన్న ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుచేత ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే మీది ఏ రకమో తేల్చుకోవాలి.

విండోస్‌లో ఇందుకు మంచి సాధనం టాస్క్ మేనేజర్. విండోస్ 10, 1709 వెర్షన్ నుంచి దాని పెర్ఫార్మెన్స్ పేజీలో గ్రాఫిక్స్ కార్డు వాడకం కూడా కనిపిస్తోంది. ఒక వీడియోను నడిపిస్తూ అక్కడి ‘వీడియో డీకోడ్’ గ్రాఫును చూడండి. అది నేలను అంటుకుని ఉండి, ప్రాసెసర్ వాడకం మాత్రం ఎక్కువగా ఉంటే పని కార్డుకు చేరడం లేదని అర్థం. ఇక్కడ తొందరపడి కార్డును తప్పుపట్టకూడదు. ఆ వీడియో ఏవీ1 పద్ధతిలో కుదించినదైతే, దానిని విప్పే భాగం ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 వరుస నుంచి, ఇంటెల్‌లో 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి మాత్రమే ఉంది కనుక, అంతకంటే పాత కార్డులో ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు. హెచ్.264 పద్ధతిలోని వీడియోను దాదాపు అన్ని కార్డులూ విప్పగలవు. పరీక్షకు దానినే వాడడం మేలు.

అదీ కార్డుకు చేరకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేరుందో చూడాలి. కార్డు పేరుకు బదులు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు డ్రైవరే లేనట్టు. తయారీదారు సైటు నుంచి సరైన డ్రైవర్‌ను దించుకుని వేస్తే చాలావరకు అక్కడితోనే సమస్య తీరిపోతుంది. డెస్క్‌టాప్ అయితే వెనక్కి తిరిగి కేబుల్‌ను కూడా చూడండి. మానిటర్ కేబుల్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించి ఉండడం, వినడానికి నవ్వు తెప్పించినా, తరచుగా జరిగేదే.

డ్రైవర్ సరిగానే ఉన్నా బ్రౌజర్ ఒక్కటే యాక్సిలరేషన్ వాడకపోవచ్చు. క్రోమ్ చిరునామా పట్టీలో క్రోమ్ అన్న పేరు, కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని ఇంగ్లీషు అక్షరాలలో కొడితే, ఏయే పని కార్డు మీద జరుగుతోందో, ఏది ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’గా నడుస్తోందో చెప్పే పేజీ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే సమాచారం అబౌట్, కోలన్, సపోర్ట్ అని కొడితే వచ్చే పేజీలోని గ్రాఫిక్స్ విభాగంలో ఉంటుంది; అక్కడ కంపోజిటింగ్ వరుసలో ‘వెబ్‌రెండర్ సాఫ్ట్‌వేర్’ అని ఉంటే భారం ప్రాసెసర్ మీద ఉన్నట్టు. లోపాలున్నట్టు తెలిసిన డ్రైవర్లను ఈ బ్రౌజర్లు తమంతట తామే నిషేధిత జాబితాలో పెడతాయి. ఆ జాబితాను దాటవేసే రహస్య స్విచ్చులు లేకపోలేదు గానీ, కారణం ఉండే నిషేధించారు కనుక వాటి జోలికి పోకుండా కొత్త డ్రైవర్ వేసుకోవడమే సరైన మార్గం.

ఇక రెండవ రకం. ఇక్కడ యాక్సిలరేషన్‌ను ఆపడాన్ని ఒక పరీక్షగా భావించాలి. ఇబ్బంది పెడుతున్న ఒక్క ప్రోగ్రాంలోనే ఆపి చూడండి: క్రోమ్‌లో సెట్టింగ్స్‌లోని సిస్టమ్ పేజీలో, ఫైర్‌ఫాక్స్‌లో జనరల్ పేజీలోని పెర్ఫార్మెన్స్ కింద, వీఎల్‌సీలో ప్రిఫరెన్సెస్‌లోని ఇన్‌పుట్, కోడెక్స్ పేజీలో ఆ ఎంపిక ఉంటుంది. ప్రోగ్రాంను పూర్తిగా మూసి మళ్లీ తెరిచాకనే మార్పు అమలవుతుంది. దానితో లక్షణం పోయి, మిగతా ప్రోగ్రాంలన్నీ బాగానే ఉంటే, ఆ ప్రోగ్రాంకూ డ్రైవర్‌కూ పొసగడం లేదని తేలినట్టే; రెండింటినీ అప్‌డేట్ చేసి యాక్సిలరేషన్‌ను తిరిగి ఆన్ చేయండి.

ఆపినా లక్షణం పోకపోతే, గీతలు, మచ్చలు కనిపిస్తున్న సమయంలోనే స్క్రీన్‌షాట్ తీసి మరో కంప్యూటర్‌లో గానీ ఫోన్‌లో గానీ చూడండి. బొమ్మలో కూడా ఆ మచ్చలుంటే గీసే దశలోనే తప్పు జరుగుతోంది. బొమ్మ శుభ్రంగా ఉంటే కేబుల్, మానిటర్, లేదా కార్డు నుంచి తెరకు సంకేతం వెళ్లే దారిని అనుమానించాలి. విండోస్ ఇంకా మొదలుకాక ముందే, కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బయోస్ తెర మీదే మచ్చలు కనిపిస్తే లోపం పరికరాలలోనే ఉన్నట్టు, సెట్టింగులతో పని లేదు.

తెర ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే అది డ్రైవర్ స్తంభించి తేరుకుంటున్న సూచన. గ్రాఫిక్స్ కార్డు దాదాపు 2 సెకన్లపాటు స్పందించకపోతే విండోస్ దానిని తిరిగి ప్రారంభిస్తుంది. విండోస్‌లో జరిగిన సంఘటనల చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 4101 సంఖ్యతో ఆ విషయం నమోదవుతుంది. ఈ 2 సెకన్ల గడువును విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో పెంచుకోమని కొందరు చెబుతారు. అది లోపాన్ని సరిచేయదు, కనబడకుండా చేస్తుందంతే. ఇటీవలే డ్రైవర్ మారి ఉంటే డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’తో పాతదానికి వెళ్లండి. మారలేదంటే ఉన్నదానిని తొలగించి కొత్తది శుభ్రంగా వేయండి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలను ఒకేసారి నొక్కితే డ్రైవర్ అప్పటికప్పుడు పునఃప్రారంభమవుతుంది. తెర బిగుసుకుపోయినప్పుడు ఇది తాత్కాలికంగా ఆదుకుంటుంది.

2020 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చిన ‘హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ జీపీయూ షెడ్యూలింగ్’ పేరును చూసి దీనినీ ప్రోగ్రాంలలోని యాక్సిలరేషన్ సెట్టింగునూ చాలామంది ఒకటిగా భావిస్తారు. ఇది కార్డు చేయవలసిన పనుల వరుసను నిర్వహించే బాధ్యతలో ఎక్కువ భాగాన్ని కార్డుకే ఇస్తుంది. వీడియో విప్పడంతో దీనికి నేరుగా సంబంధం లేదు. డిస్‌ప్లే సెట్టింగులలోని గ్రాఫిక్స్ పేజీలో ఉండే ఈ స్విచ్‌ను ఆటలు తడబడుతున్నప్పుడు ఒకసారి మార్చి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి చూడవచ్చు. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రాం ఏ చిప్పును వాడాలో నిర్ణయించేదీ అదే పేజీ.

ఇవన్నీ అయ్యాక కూడా లోపం మిగిలితే, కార్డును నిర్ణీత వేగం కంటే ఎక్కువగా నడిచేలా ఓవర్‌క్లాక్ చేసి ఉంటే దానిని తీసేసి, దుమ్ము దులిపి, పవర్ కేబుల్ బిగుతుగా ఉందో లేదో చూసి, కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి పరీక్షించండి. అక్కడా అవే మచ్చలు వస్తే కార్డును వారంటీ కింద గానీ మరమ్మతుకు గానీ పంపవలసిందే. అక్కడ బాగా పనిచేస్తే ఇకపై వెతకవలసింది మీ కంప్యూటర్ పవర్ సప్లైలోనూ, కార్డును అమర్చే స్లాట్‌లోనూ.