ఆబోరిజినల్ బిడ్డకు సాంస్కృతిక ప్రణాళిక రాయడం ఎలా?

ఆస్ట్రేలియాలో కన్నవారికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ప్రతి పదిమంది పిల్లల్లో నలుగురికి పైగా ఆబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల పిల్లలే, అంటే ఆ దేశపు మూలవాసుల పిల్లలే. దేశంలోని మొత్తం పిల్లల్లో వారి వాటా ఆరు శాతం దగ్గరే ఉంటుంది. విక్టోరియా రాష్ట్రంలో సంరక్షణలో ఉన్న ఇలాంటి ప్రతి బిడ్డకూ సాంస్కృతిక ప్రణాళిక, అంటే బిడ్డకు తన జనంతో, నేలతో, సంస్కృతితో బంధం తెగకుండా ఏం చేస్తామో రాసిన కాగితం, ఉండాలని చట్టం చెబుతోంది. అయినా నా చేతికి వచ్చే ఫైళ్లలో ఎక్కువగా కనిపించేవి ఒక ఆబోరిజినల్ జెండా బొమ్మ, జులైలో మూలవాసుల సంస్కృతిని చాటే నైడాక్ వారోత్సవానికి తీసుకువెళ్తామన్న ఒక వాక్యం, చుక్కల చిత్రలేఖనం తరగతి. పేరు మారిస్తే ఏ బిడ్డకైనా సరిపోయే కాగితం అది. ఇక్కడ ఇలాంటి పిల్లలను తమ ఇంట్లో ఉంచుకునే ఫోస్టర్ తల్లిదండ్రులుగా, వారి బాగోగులు చూసే కేస్ వర్కర్లుగా మన తెలుగువారూ ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

కావలసినవి పెద్ద తెల్లకాగితం, పెన్సిలు, బిడ్డ ఫైలు. కంప్యూటర్‌లోని ఫారాన్ని పని చివరికి వచ్చేదాకా తెరవకూడదు. గళ్లు కనబడితే వాటిని నింపాలన్న ఆత్రమే మిగులుతుంది.

మొదట ఫైలంతా చదివి, ఒక్కసారి ప్రస్తావనకు వచ్చిన బంధువు పేరైనా సరే, కాగితం మీద వేయండి. తర్వాత ఆబోరిజినల్ సమాజమే నడిపే సంస్థకు ఫోన్ చేయండి. విక్టోరియాలో వాకా (విక్టోరియన్ ఆబోరిజినల్ చైల్డ్ కేర్ ఏజెన్సీ) అలాంటిది. అంతా రాసేసి సంతకం కోసం వారి దగ్గరకు వెళ్లడం సంప్రదించడం కాదు.

ఇక అసలు కష్టం: ఈ బిడ్డ ఎవరి బిడ్డ, ఏ జనం, ఏ నేల అన్నది తెలుసుకోవడం. ఇక్కడ తొందర పనికిరాదు.

ఒంటి రంగు చూసి తేల్చకండి. ‘ఎంత శాతం ఆబోరిజినల్?’ అని ఎన్నడూ అడగకండి. రక్తాన్ని భిన్నాలుగా లెక్కగట్టి పిల్లలను ఎత్తుకుపోయిన అధికారులు అడిగిన ప్రశ్న అది. ఇంటిపేరు చూసో, మ్యాప్ చూసో ఊహించకండి. తరతరాలుగా జనాన్ని సొంత నేల నుంచి మిషన్లకు, అంటే చర్చిలు నడిపిన స్థావరాలకు, తరలించారు. మెల్‌బోర్న్‌లో పుట్టినంత మాత్రాన బిడ్డ ఆ నేలకు చెందిన వురుండ్‌జెరి జనానికి చెందినట్టు కాదు. బిడ్డనే కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం అన్నిటికన్నా తప్పు.

అమ్మమ్మ దగ్గరకో, పెద్దమ్మ దగ్గరకో వెళ్లాలి. ఫోన్‌లో కాదు, స్వయంగా. ఆబోరిజినల్ సంస్థ మనిషిని ముందు నడవనిచ్చి. 1910 నుంచి 1970 మధ్య ఆబోరిజినల్ పిల్లల్లో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురికి ఒకరి దాకా బలవంతంగా వేరుచేశారని 1997లో జాతీయ విచారణ నివేదిక తేల్చింది. అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. మీ ఎదుట కూర్చున్న ఆమె ఆ పిల్లల్లో ఒకరై ఉండవచ్చు. ఆమె దృష్టిలో ఫైలు పట్టుకొచ్చిన మనిషి అంటే మరో బిడ్డను తీసుకుపోయే మనిషి. కాబట్టి మొదటి రోజు ఏమీ రాసుకోకండి. బిడ్డ ఏం తింటున్నాడో, దేనికి నవ్వుతున్నాడో ముందు మీరు చెప్పండి. ఆమె మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మాటలతో నింపకండి. చనిపోయినవారి పేరు పలకడం, ఫొటో చూపడం చాలా సమాజాల్లో తగని పని, ముందే అడగండి. ఆమె ‘వాడి తల్లి’ అంటే ఏ తల్లో మర్యాదగా తెలుసుకోండి. తల్లి అక్కచెల్లెళ్లూ తల్లులే అయ్యే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. పెద్దమ్మ, పిన్ని వరసలు తెలిసిన మనకు ఇది తేలిగ్గా అర్థం కావాలి.

ఆమె చెప్పకపోతే ‘తెలియదు’ అని రాసి మూసేయకూడదు. తర్వాత ఎవరిని, ఎప్పటిలోగా అడుగుతారో రాయండి.

‘మాకు పిల్లలందరూ సమానమే, ప్రేమగా చూస్తే చాలదా?’ అని మనవాళ్లు అడుగుతారు. చాలదు. బిడ్డను ఎవరింట ఉంచాలన్నప్పుడు మొదటి వరుస బంధువులది, తర్వాత వారి సమాజానిది, ఆపై ఇతర ఆబోరిజినల్ కుటుంబాలది. ఎవరూ దొరకనప్పుడే మనలాంటివారు. వరుసలో చివర ఉన్నవాళ్లం కాబట్టి ముందున్నవారి వైపు దారి తెరిచి ఉంచడం మన బాధ్యత.

రాసేటప్పుడు ప్రతి వాక్యంలో మనిషి పేరు, రోజు, కారు నడిపేదెవరు, ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. ‘సంస్కృతితో అనుబంధం పెంచాలి’ అన్న వాక్యం కొట్టేయండి. ‘నెలనెలా రెండో ఆదివారం పెద్దమ్మ ఇంట్లో భోజనం, తీసుకువెళ్లేది ఫోస్టర్ తండ్రి, పెట్రోలు ఖర్చు ఏజెన్సీది’ అని రాయండి. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి, ఏడాదికోసారి కాదు. బిడ్డ ఇల్లు మారితే ప్రణాళిక కూడా అదే రోజు చేరాలి.

ఒక ప్రతి అమ్మమ్మకు ఇవ్వండి. బంధువుల పేర్లలో తప్పుంటే ఆమె ఎదుటే దిద్ది, అదే రోజు కంప్యూటర్‌లోనూ మార్చండి.