అంబాసిడర్‌కి కమాన్‌లు, బుష్‌లు కొనేటప్పుడు

అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఇప్పుడు సస్పెన్షన్ సామాను కావాలంటే విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ లాంటి చోట్ల చిన్న దుకాణాలే దిక్కు. 'అంబాసిడర్ సెట్' అని అడిగితే సరిపోదు. పాత భాగాన్ని విప్పి, కడిగి, కొలిచాకే ఫోన్ చేయండి.

వెనక కమాన్‌కి (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) పట్టీల సంఖ్య, వెడల్పు, మందం, సెంటర్ బోల్ట్ నుంచి రెండు కళ్లకూ (కమాన్ చివర్ల గుండ్రటి రంధ్రాలు) విడివిడిగా దూరం రాసుకోండి. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో అడగండి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి, లేదంటే బండి ఒక పక్కకు వాలుతుంది. కమాన్‌ని ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయండి. సాగిన పాతవి బిగువు నిలపవు.

ఎక్కువగా మోసపోయేది రబ్బరు బుష్‌ల (కీళ్లలో కుదుపు తగ్గించే గొట్టం లాంటి ముక్కలు) దగ్గరే. పాత స్టాకు పెట్టె విప్పకపోయినా, ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది. గోటితో నొక్కండి: గుంట పడి వెంటనే తేరుకోవాలి. కొద్దిగా వంచినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే వద్దనండి. బిగించేటప్పుడు గ్రీజు పూయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది, సబ్బునీళ్లు చాలు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే షాకిల్ (కమాన్ చివరను బండికి కలిపే కదిలే లంకె) నట్లు పూర్తిగా బిగించండి.

టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్‌ని నిలువుగా పట్టుకుని ఐదారుసార్లు లాగి నొక్కండి. మధ్యలో ఖాళీగా జారినా, రాడ్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉన్నా తీసుకోవద్దు.

వాడిన టోర్షన్ బార్ (ముందు చక్రాలకు స్ప్రింగులా మెలితిరిగే ఉక్కు కడ్డీ) అయితే ఏ వైపుదో తప్పక అడగండి. ఒక దిశలో మెలిక అలవాటైన బార్‌ని రెండో వైపు వేస్తే విరిగే ప్రమాదం ఉంది.

సైజు కుదరకపోతే వాపసు తీసుకుంటారని డబ్బు పంపకముందే వాట్సాప్‌లో రాయించుకోండి.