దార్ ఎస్ సలాంకు కొత్తగా వచ్చారా? నేల సంగతి ముందే తెలుసుకోండి

ఇక్కడ ఉద్యోగంలో చేరిన ఏడాదిలోపే ఎవరో ఒకరు మీతో అంటారు: "ఊరు దాటితే భూమి చాలా చవక, పదెకరాల షాంబా కొని జీడిమామిడి వేద్దాం." షాంబా అంటే పొలం. ఆశ పుట్టడం సహజమే. కానీ టాంజానియాలో భూమి అంతా ప్రజల ఆస్తి, దేశాధ్యక్షుడు దానికి ధర్మకర్త. ఎవరికైనా దక్కేది సాగు, అనుభవ హక్కులే. విదేశీయులకైతే ఆమోదం పొందిన పెట్టుబడి కోసం తప్ప అవి కూడా రావు. స్థానిక మిత్రుడి పేరుతో బినామీగా తీసుకోమనే సలహా కూడా వస్తుంది. దయచేసి ఒప్పుకోకండి. మన ఏజెన్సీలో గిరిజనుల భూములు బయటివాళ్ల పాలు కాకుండా తెచ్చిన 1/70 చట్టానికి ఎన్ని దొడ్డిదారులు వెతికారో, ఎవరి భూములు పోయాయో తెలిసినవాళ్లం మనం.

"అదంతా ఖాళీగా పడి ఉంది" అనే మాటను మాత్రం అస్సలు నమ్మవద్దు. ఆ పొదల్లోనే ఊరివాళ్లు వంటచెరకు ఏరుకుంటారు, తేనె తీస్తారు, పశువులను మేపుతారు. వాళ్ల సమాధులూ అక్కడే ఉంటాయి. 1999 నాటి గ్రామ భూమి చట్టం ప్రకారం ఆ నేలను చూసుకునేది గ్రామ మండలి. అయితే 18 ఏళ్లు నిండిన వారందరూ కూర్చునే గ్రామసభ ఒప్పుకోనిదే మండలి ఆ నేలలో ఒక్క ముక్క కూడా ఎవరికీ కేటాయించకూడదు. నేను వచ్చిన కొత్తలో ఒక దళారి సంతకాలున్న కాగితం చూపించాడు. సభ ఎప్పుడు జరిగిందని అడిగితే నీళ్లు నమిలాడు. మీరూ ఆ ప్రశ్న తప్పక అడగండి. సభ తీర్మానం కనబడకపోతే వెనక్కి వచ్చేయండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నగరం పక్కనే ఉన్న కిసరావే జిల్లాలో జరిగింది చూడండి. గింజల నూనెతో ఇంధనం చేసే జట్రోఫా మొక్కలు పెంచుతామని ఒక విదేశీ సంస్థ పలు గ్రామాల నుంచి 8 వేల హెక్టార్లకు పైగా తీసుకుంది. 2011లో పని ఆగిపోయింది, కూలీల ఉపాధి పోయింది. నేల మాత్రం ఊళ్లకు తిరిగి రాలేదు. పెట్టుబడికి ఇచ్చిన గ్రామ భూమి, ప్రభుత్వం చేతిలో ఉండే "సాధారణ భూమి"గా మారిపోతుంది, గ్రామానికి దానిమీద హక్కు పోతుంది. నాకు ఇందులో అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

ఊరి చేతిలో ఉంటే ఏమవుతుందో దక్షిణాన కిల్వాలో చూడవచ్చు. క్లారినెట్ల తయారీకి వాడే నల్లని ఎంపింగో చెట్టు అక్కడి అడవుల్లో పెరుగుతుంది. 2002 నాటి అటవీ చట్టం కింద గ్రామాలు తమ అడవిని రిజర్వుగా ప్రకటించుకుని, కలప అమ్మిన డబ్బు తామే ఉంచుకోగలుగుతున్నాయి. 2009లో ఆ గ్రామ అడవులకు, అడవిని బాధ్యతగా నిర్వహిస్తున్నారని తెలిపే అంతర్జాతీయ ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ కూడా వచ్చింది. ఎన్ని చెట్లు కొట్టాలో, వచ్చిన డబ్బు దేనికి ఖర్చు చేయాలో సభలోనే తేల్చుకుంటారు. ఎంపింగోతో మకొండె తెగవాళ్లు చెక్కే బొమ్మలు మీరు తప్పకుండా కొంటారు. కొన్నప్పుడు రసీదు అడిగి తీసుకోండి. మంచం, బల్ల చేయించుకునేటప్పుడు కూడా ఆ కలప అనుమతితో వచ్చిందేనా అని వడ్రంగిని అడగండి.

పల్లెకు వెళితే ముందు గ్రామ కార్యాలయానికి వెళ్లి, సందర్శకుల పుస్తకంలో పేరు రాసి, వచ్చిన పని చెప్పండి. పెద్దవాళ్లు కనబడితే గౌరవంగా పలకరిస్తూ "షికమూ" అనండి, "మరహబా" అని బదులిస్తారు. ఫొటోలు, కొలతలు ఆ తరువాతే. సముద్రతీరంలో దొరికే పగడాలు, శంఖాలు అనుమతి లేకుండా ఇంటికి తీసుకువెళ్లకండి.

ఇంకో చిన్న విషయం. 2019 జూన్ 1 నుంచి ఇక్కడ ప్లాస్టిక్ చేతిసంచులు నిషేధం. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసాను గుడ్డసంచిలో చుట్టి తెచ్చుకోండి.